ఈత టీచరమ్మ రెండో తుంటి

నీళ్లలో ఉన్నంతసేపూ ఆమెకి నొప్పి తెలిసేది కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఊళ్లో పైకప్పున్న ఈతకొలను ఒకటుంది. పొద్దుటి పూట అక్కడ ఆడవాళ్లకి ఈత నేర్పడం ఆమె పని. చిన్నపిల్లలకి కాదు, పెళ్లిళ్లయి, పిల్లల్ని కని, బకెట్లో నీళ్లు చూసినా హడలిపోయే పెద్దవాళ్లకి. అందరికీ ఆమె టీచరమ్మే. మెడలో ఈల, తలకి నీలం టోపీ, నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: "నీళ్లు మిమ్మల్ని మింగడం లేదమ్మా, మీరే నీళ్లని మింగుతున్నారు. ముందు ఆ నోరు ముయ్యండి!"

టీచరమ్మకి నలభై దాటగానే ఎడమ తుంటి పాడయింది. తొడ ఎముక తలకాయకి రక్తం అందక అది పుచ్చిపోతే, దాన్ని తీసేసి లోహపు బంతీ, ప్లాస్టిక్ గిన్నే ఉన్న కొత్త కీలు అమర్చారు. "పదిహేనేళ్లు వస్తుందమ్మా, అదృష్టం బాగుంటే ఇరవై. తర్వాత మళ్లీ చూసుకోవాలి" అన్నాడు అప్పటి డాక్టరు. ఇరవై ఏళ్ల తర్వాత సంగతి ఎవరో పరాయి ఆడమనిషి సంగతిలా అనిపించి, ఆమె సరేనని తలూపి ఇంటికొచ్చేసింది. ఆ కీలు మీదే నడిచింది, నిలబడింది, వందలమంది చేత నీళ్లు తాగించి మరీ ఈత నేర్పింది. ఒంట్లో ఒక పరాయి వస్తువుందన్న మాటే మర్చిపోయింది.

అలాంటిది, అరవయ్యో ఏడు దగ్గరపడేసరికి అదే తనని తాను గుర్తుచెయ్యడం మొదలుపెట్టింది. కూర్చుని లేచినప్పుడు మొదటి అడుగు వెయ్యగానే తొడలో ఎవరో గునపం దించినట్టు ఉండేది. నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకునేది. అందుకని ఆవిడో ఉపాయం కనిపెట్టింది. కొలను గట్టు మీది బల్ల మీంచి లేచాక ఈల తాడు సరిచేసుకుంటున్నట్టు కాసేపు అక్కడే నిలబడేది. ఈలోగా తుంటి కుదురుకునేది. ఒకసారి నీళ్లలోకి దిగిందంటే ఇక బాధే లేదు, చేపే. చూసేవాళ్లెవరికీ అనుమానం రాలేదు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా దాగలేదు. ఆమె భర్త కట్టుడు పళ్లు చేస్తాడు. ఊళ్లో పళ్ల డాక్టర్లందరూ అచ్చులు తీసి ఆయనకే పంపుతారు. ముందుగదిలో కిటికీ పక్కన సానపట్టే మిషను, ప్లాస్టర్ అచ్చులు, చొక్కా నిండా తెల్లటి పొడి. రోజంతా అరుగుదల మీద బతికే మనిషి.

"ఏమోయ్, ఆ కిర్రుమంటోంది కుర్చీయా, నువ్వా?" అన్నాడొకరోజు.

"కుర్చీ."

"కుర్చీ నా కిందుంది. చప్పుడు వంటింట్లోంచి వస్తోంది."

"అయితే తలుపేమో" అని ఆమె తలుపు అటూ ఇటూ ఊపింది. తలుపు నోరు మెదపలేదు. ఆయనా ఇంక పొడిగించలేదు, గానీ ఆమె చెప్పుల మడమలు తిరగేసి చూసి, ఒకటి మరీ అరిగిపోయిందని గమనించి, పక్కన పెట్టేశాడు.

ఆ ఇంట్లో మూడో మనిషి వదినగారు, అంటే ఆయన అక్క. భర్త పోయాక తమ్ముడి దగ్గరికొచ్చేసింది. రెండు మోకాళ్లూ ఏనాడో అరిగిపోయాయి. ఆపరేషన్ మాటెత్తితే "నన్ను కోసే కత్తి ఇంకా తయారవలేదు" అనేది. కిటికీ దగ్గర వెడల్పాటి చెక్క కుర్చీలో కూర్చుని, అక్కణ్ణుంచే ఇంటినీ, వీధినీ, కూరగాయల బండివాణ్ణీ అదుపులో పెట్టేది.

ఇలా దాస్తూ దాస్తూ ఎన్నాళ్లు గడిపేదో గానీ, ఒక పొద్దున క్లాసులో ఈత నేర్చుకుంటున్న ఫొటో స్టూడియో ఆవిడ పుణ్యమా అని అంతా బయటపడింది.

స్టూడియో ఆవిడకి అప్పుడప్పుడే చేతులు ఆడించడం వచ్చింది. రాగానే ధైర్యం ఎక్కువైంది. గోడ వదలొద్దని టీచరమ్మ చెప్పి, అవతలి చివర ఇంకొకావిడ కాళ్లు సరిదిద్ది, గట్టెక్కి బల్ల మీద కూర్చుందో లేదో, ఈవిడ గోడ వదిలేసి, లోతు మొదలయ్యేచోట అడ్డంగా కట్టిన తాడు దాటి అవతలికి వెళ్లిపోయింది. కాలికి నేల అందలేదు. అంతే, పై ప్రాణాలు పైనే పోయాయి. చేతులు గాల్లో కొట్టుకుంటూ ఒకసారి మునిగి తేలింది. అరవడానికి నోరు తెరిస్తే నీళ్లే వెళ్లాయి.

టీచరమ్మ చూసింది. చూసిన మరుక్షణం లేచింది. ఈల సర్దుకునే టైము ఎక్కడిది? లేస్తూనే పరుగు తియ్యబోయింది. ఎడమ కాలు కింద నేల లేనట్టే అయింది. తడి పలకల మీద మోకాళ్ల మీద పడిపోయింది. లేవబోతే కాలు తనది కానట్టు అలా ఉండిపోయింది.

"కర్ర! పొడుగు కర్ర అందించు!" అని గొంతు చించుకుని అరిచింది.

బట్టల గదికి తాళాలిచ్చే ఆవిడ గోడకి తగిలించిన పొడుగు కర్ర లాక్కుని పరిగెత్తింది. స్టూడియో ఆవిడ దాన్ని కరుచుకుపోయింది. బయటికి లాగి కూర్చోబెడితే బోలెడు నీళ్లు కక్కి, వణుకుతూ ఏడుస్తూ, "మీరెందుకు రాలేదు టీచరమ్మా?" అంది. నిష్ఠూరంగా అన్న మాట కాదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

 మోకాలి చర్మం లేచిపోయి నెత్తురు కారుతుంటే, టీచరమ్మ పాక్కుంటూ వెళ్లి ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది.

ఆ రోజే కొలను మేనేజరు గదికి వెళ్లింది. "ఇవాళ్టి నుంచి గట్టు మీద నేనొక్కదాన్నే ఉంటే క్లాసు పెట్టకండి" అని చెప్పింది. మేనేజరు నెమ్మదస్తుడు. "పోనీలెండి, ఎవరికీ ఏం కాలేదుగా" అన్నాడు. "అయ్యాక చెప్పి ఏం లాభం?" అని బయటికి వచ్చేసింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం కళ్లు మసకబారాయి. అంతకాలం ఆ గట్టు మీద తన తర్వాతే ఎవరైనా.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "ఏమండీ, రేపు ఆస్పత్రికి వెళ్దాం. కిర్రుమన్నది నేనే" అంది.

ఆయన మిషను ఆపాడు. "తలుపు మీద నింద పోయింది. అదే చాలు" అన్నాడు. 

ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే తెర మీద పెట్టి వేలితో చూపించింది. మాటల్లో నాన్చుడు లేని మనిషి. "ఇదిగో, ఈ బంతి గిన్నె మధ్యలో ఉండాలి. పైకి జరిగిపోయింది చూడండి. ప్లాస్టిక్ అరిగిపోయింది. అరిగిన పొడి ఊరికే ఉండదు, చుట్టూ ఉన్న ఎముకని తినేస్తుంది. ఈ నల్లటి చోట్లన్నీ అదే. గిన్నె వదులైంది."

"పన్ను పోయిన చోట దవడ కరిగిపోయినట్టా?" అన్నాడు భర్త.

"అలాగే అనుకోండి. అందుకే రెండోసారి చెయ్యడం మొదటిసారంత సుఖం కాదు. పాతది తియ్యాలి, పోయిన ఎముక బదులు వేరే ఎముక ముక్కలు నింపాలి, అప్పుడు కొత్తది బిగించాలి. నెత్తురు ఎక్కువ పోతుంది, చీము పట్టే భయం ఎక్కువ, కీలు జారే భయం కూడా ఎక్కువే." అంతా చెప్పేసి టీచరమ్మ వైపు తిరిగింది. "మీకేం కావాలి?"

"గట్టు మీద పరిగెత్తాలి."

"ఆ మాట నేనివ్వలేను."

"ఏ మాటివ్వగలరు?"

"చేయించుకుంటే నొప్పి చాలామటుకు తగ్గుతుందని నా నమ్మకం. చేయించుకోకపోతే మాత్రం ఎముక ఇంకా కరుగుతుంది. తర్వాత మీరే వచ్చి చెయ్యమన్నా బిగించడానికి నాకు పట్టు దొరకదు."

 "ఎప్పుడు రమ్మంటారు?" అంది టీచరమ్మ.

వదినగారు ఆ రాత్రి భోజనం ముట్టలేదు. "మతి ఉండే మాట్లాడుతున్నావా పిల్లా? ఉన్నది తీసి, ఎముక చెక్కి, మళ్లీ బిగిస్తారా? నువ్వేమన్నా బీరువావా? నన్ను చూడు. చేయించుకోలేదు. బతకడం లేదూ?"

"బతుకుతున్నారు వదినా. కానీ మీకు కుర్చీ అంటే ఇష్టం. నాకు కాదు."

"ఇష్టం కాదే, అలవాటు."

"నాకు ఆ అలవాటు వద్దు."

వదినగారు మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. మర్నాటి దాకా వీధితో కూడా మాట్లాడలేదు. భర్త అటూ ఇటూ తిరిగి, చివరికి భార్య పక్కన కూర్చుని, "నాకు భయంగా ఉంది. చెప్పకూడదని చూశాను, కుదరడం లేదు" అన్నాడు.

"నాకూ భయమేనండీ. భయపడేవాళ్లతోనే కదా నా ఉద్యోగమంతా. భయం పోయాక దిగుతామంటే ఒక్కరూ దిగరు."

కీలులో చీము లేదని తేల్చుకోవడానికి సూదితో నీరు తీసి పరీక్షకి పంపారు. ఏమీ లేదని తేలింది. ఆపరేషన్ దాకా టీచరమ్మ రోజూ కొలనుకి వెళ్లింది, నేర్పడానికి కాదు. తొడల మధ్య తేలే బిళ్ల ఇరికించుకుని, కాళ్లు కదపకుండా, చేతులతోనే ఈదేది. "రేపు చేతికర్రల మీద వేలాడాల్సింది ఈ చేతులే" అనేది తాళాలావిడతో. ఈ గట్టుకీ ఆ గట్టుకీ తిరుగుతూ, రొప్పుతూ, మొహం కందిపోయేదాకా ఆపేది కాదు.

ఆపరేషన్ అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. భర్త బయట బల్ల మీద కూర్చుని, జేబులో మర్చిపోయి తెచ్చుకున్న ప్లాస్టర్ పన్నొకటి వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాడు. టీచరమ్మ మత్తు దిగి కళ్లు తెరిచేసరికి డాక్టరమ్మ మంచం పక్కన ఉంది.

"గిన్నె మార్చి ఊరుకుందామనుకున్నాం. తొడలో దిగిన కడ్డీ కూడా వదులైపోయిందని తెరిచాక తెలిసింది. దాన్ని బయటికి తియ్యడానికి తొడ ఎముకని నిలువునా చీల్చాల్సొచ్చింది. కొత్తది దించి, తీగలతో కట్టాం. ఎముక అతుక్కునే దాకా ఆ కాలు నేలకి ఆనించడమే. బరువు మోపకూడదు."

ఇంకొకరైతే కుంగిపోయేవారే.   టీచరమ్మ మాత్రం, "బాగా పట్టిందా?" అంది.

"గట్టిగా పట్టింది."

"అయితే సరే."

మర్నాడే ఫిజియో వచ్చాడు. తలుపంత మనిషి, గొంతు మాత్రం పిల్లిది. వాకర్ ముందుపెట్టి లేపితే టీచరమ్మ దాన్ని ఊడొచ్చేలా పట్టుకుంది. కళ్ల ముందు గది తిరిగింది.

"ఊపిరి బిగబట్టకండమ్మా. భుజాలు వదలండి. వాకర్ ఎక్కడికీ పారిపోదు, అంత గట్టిగా పట్టుకోకండి."

అంత నొప్పిలోనూ ఆమెకి నవ్వొచ్చింది.

"ఎందుకమ్మా నవ్వుతున్నారు?"

"ఈ మాటలు చెప్పి జీతం తీసుకునేదాన్ని నాయనా. వినేవాళ్లకి ఇంత కష్టంగా ఉంటుందని ఇవాళే తెలిసింది."

ఇంటికొచ్చాక వంటింటికీ మంచానికీ మధ్య చేతికర్రల మీద రాకపోకలు సాగాయి. భర్త మంచం కిందా కుర్చీల కిందా చెక్కలు పెట్టి ఎత్తు పెంచాడు. కింద వస్తువులన్నీ పైకెక్కించాడు. వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, ఎత్తు తక్కువ పీట మీద కూర్చోకూడదు. ఆమె అన్నీ చెప్పినట్టే చేసింది. వారాలు గడిచాయి. ఎముక అతుక్కుంటోందని ఎక్స్‌రేలో కనిపించింది. కొంచెం బరువు మోపమన్నారు. తర్వాత ఇంకొంచెం. ఒక చేతికర్ర వదిలేసింది.

అక్కడే కాస్త పొగరెక్కింది. ఒకరోజు స్నానాలగదిలో మడమ తోముకోవాలని, పక్కనున్న పొట్టి పీట లాక్కుని దాని మీద కూర్చుని ముందుకి వంగింది. తుంటిలో టక్కుమని చప్పుడు. ఆ వెంటనే వచ్చిన నొప్పికి ఆమె వేసిన కేక వీధి చివరిదాకా వినపడింది. కాలు లోపలికి మెలిక తిరిగి, పొట్టిదైపోయింది. బంతి గిన్నెలోంచి జారిపోయింది.

అంబులెన్సు, స్ట్రెచరు, మళ్లీ మత్తు. కొయ్యకుండానే లాగి బంతిని గిన్నెలో కూర్చోబెట్టారు. పెట్టినవేవీ కదల్లేదని డాక్టరమ్మ చెప్పి, నడుము నుంచి తొడ దాకా గట్టి పట్టీ ఒకటి బిగించింది. "మీ అదృష్టం. ఇంకోసారి ఇలా చేస్తే నా నోటికి పనిచెప్తాను" అంది.

ఈసారి ఇంటికొచ్చిన టీచరమ్మ వేరు. మంచం ఎక్కి గోడ వైపు తిరిగి పడుకుంది. ఫిజియో వస్తే తలనొప్పంది. తినమంటే తర్వాత అంది. భర్త బతిమాలాడు, కోప్పడ్డాడు, కొత్తగా చేసిన పళ్ల వరస చేతిలో పెట్టుకుని కటకటలాడించి చూపించాడు. నవ్వలేదు. "మీ అక్కయ్యే నయం. ముందే కూర్చుంది" అంది గోడతో.

ఆ మాట కిటికీ దగ్గరికి వినపడింది. చెక్క కుర్చీ కిర్రుమంది. తర్వాత చాలాసేపు కర్ర చప్పుడు, ఆయాసం, మధ్యలో మోకాళ్లని తిట్టే తిట్లు. వదినగారు కుర్చీలోంచి లేచి తమ్ముడి గదిదాకా నడిచొచ్చి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. చెమటలు కారిపోతున్నాయి.

"ఏమే పిల్లా, ఇంత చేయించుకుని, వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుందామనుకుంటున్నావా? కుదరదు. ఈ ఇంట్లో కుర్చీలో కూర్చునే ఉద్యోగం ఒక్కటే ఉంది. అది నాది. లే!"

టీచరమ్మ ఇటు తిరిగింది.

"వద్దన్నాను, నిజమే. విన్నావా? వినలేదు. వినకపోతివి, పూర్తిగా వినకు. సగంలో విని నా పరువు తియ్యకు" అంది వదినగారు. ఇక నిలబడలేక మంచం చివర కూలబడింది. "నీకు లేవడం కష్టమైతే చెప్పు. నేనెలా వచ్చానో చూశావుగా."

 టీచరమ్మ మోచేతుల మీద లేచి, కాలు జాగ్రత్తగా కిందికి దింపి, "ఏమండీ, ఆ వాకర్ ఇటు తెండి. ఇద్దరికీ కావాలి" అంది.

ఆ పూట నుంచి వదినగారు మేస్త్రీ అయింది. కుర్చీలోంచే కేకలు. "వంగుతున్నావ్!" "ఈడ్చకు, ఎత్తి వెయ్యి!" ఫిజియో గొంతు పిల్లిదైతే ఈవిడది పులిది. పట్టీ విప్పే రోజు వచ్చింది. చేతికర్ర ఒకటి మిగిలింది. గాయం ఎప్పుడో మానింది గనక నీళ్లలోకి దిగొచ్చని డాక్టరమ్మ చెప్పింది. "నిచ్చెన మీంచి దిగండి. దూకడం మాత్రం ఈ జన్మకి లేదు. పరుగూ లేదు."

ఆ మాట మింగడం అన్నిటికంటే కష్టమైంది. మూడు రోజులు మూతి ముడుచుకుని తిరిగింది. నాలుగో రోజు మేనేజరు దగ్గరికి వెళ్లి, "నేను నేర్పుతాను. గట్టు మీద దూకగలిగే మనిషిని మీరు పెట్టండి. ఇద్దరుంటేనే క్లాసు" అంది. మేనేజరు సాయంకాలం క్లాసుల టీచరుని పొద్దుట కూడా రమ్మన్నాడు.

క్లాసు మొదలయ్యేముందు టీచరమ్మ ఫొటో స్టూడియోకి వెళ్లింది. ఆవిడ ఆ రోజు తర్వాత మళ్లీ కొలను మొహం చూడలేదట. టీచరమ్మ కుంటుకుంటూ లోపలికొచ్చేసరికి కంగారుగా లేచి కుర్చీ వేసింది.

"ఆ రోజు ఎందుకు రాలేదని అడిగారు" అంది టీచరమ్మ. "కాలు చచ్చిపోయింది. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ గట్టు మీద కూర్చున్నాను. తప్పు నాది. ఇప్పుడు కాలు మార్చుకొచ్చాను. మీరూ రండి."

స్టూడియో ఆవిడ చేతిలో కెమెరా మూత పక్కన పెట్టేసింది. "మళ్లీ లోతుకి వెళ్లమనరుగా?" అంది.

"అంటాను. నేనూ పక్కన ఉండి అంటాను."

వచ్చింది. మొదటి వారం మెట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకుంది. తర్వాత గోడ పట్టుకుని నిలబడింది. ఎన్ని పొద్దులు పట్టిందో ఇద్దరూ లెక్క పెట్టుకోలేదు. ఒక పొద్దున తాడు దగ్గర టీచరమ్మ నీళ్లలో నిలువునా తేలుతూ, "ఊఁ, రండి" అంది.

"పట్టుకుంటారా?"

"పట్టుకోను. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంటాను."

స్టూడియో ఆవిడ గట్టు మీద నిలబడ్డ రెండో టీచరు వైపోసారి చూసింది, నీళ్ల వైపోసారి చూసింది, గోడ వదిలింది. తల పైకెత్తి, అడ్డదిడ్డంగా చేతులు కొడుతూ, నోరు గట్టిగా మూసుకుని తాడు దాటింది. అవతలి గోడ అందగానే గట్టిగా ఏడ్చేసింది. టీచరమ్మ ఆవిణ్ణి ఏడవనిచ్చి, "చేతులు బాలేదు. మళ్లీ" అంది.

ఆ రోజు టీచరమ్మ ఆటో ఎక్కలేదు. నడిచే ఇంటికొచ్చింది. కాస్త కుంటుతోంది, అది పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పులో దళసరి అట్ట వేసుకుంటే సగం సర్దుకుంటోంది. గుమ్మంలో గోడ పట్టుకుని ఆగేసరికి భర్త కంగారుగా మిషను ఆపేశాడు.

"నొప్పా? ఎక్కడ?"

"పిక్కలండీ."

"ఏ కాలు?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి చూసుకుంది. "రెండూను. ఇంత దూరం నడిస్తే ఎవరికైనా అంతేగా" అని చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది.